పరభాషాభ్యాసం - స్వభాషాదర్శనం

ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో ఉత్తర సర్కారుల పాఠశాలలకు ఇన్‌స్పెక్టరుగా యేట్స్ అనే ఆంగ్లేయుడు వచ్చాడు. ఉద్యోగధర్మంగా ఆయన తెలుగు నేర్వవలసి వచ్చింది. నేర్చే దారిలో ఆయనకొక చిక్కు ఎదురయింది. పుస్తకంలో చదివిన తెలుగును వీధిలో ఎవరూ మాట్లాడటం లేదు. వీధిలో విన్న తెలుగు ఏ పాఠ్యపుస్తకంలోనూ కనిపించటం లేదు. ఈ తేడా ఏమిటని ఆయన విశాఖపట్నంలో పి.టి. శ్రీనివాసయ్యంగారి వంటి విద్యావేత్తలను అడిగాడు. ఆ ప్రశ్న విజయనగరంలో గురజాడ అప్పారావుగారికీ, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారికీ చేరింది. ఆ తర్వాతి చరిత్ర పాఠకులకు విదితమే.

వ్యావహారిక భాషోద్యమం ఒక దొర సందేహంవల్ల పుట్టిందని అనటం నా ఉద్దేశం కాదు. గురజాడవారు 1897లోనే "కన్యాశుల్కం" ముద్రించి ఉన్నారు. నేల అప్పటికే దుక్కి అయి ఉన్నది. కాని ఒక సంగతి ఆలోచింపదగినది. ఆ తేడాను పుట్టిననాటినుంచి చూస్తున్న లక్షలాది తెలుగువారికి అది ప్రశ్నగా తోచలేదు. నిన్నగాక మొన్న భాష నేర్వ మొదలుపెట్టినవాడికి తోచింది. ఇది కాకతాళీయమా? లేక రెండవ భాష నేర్చేవాడి స్థితిలోనే అట్టి చూపును కలిగించే గుణమేదైనా ఉన్నదా? ఈ వ్యాసంలో నేను విచారింపదలచినది ఇదే.

ఈ విచారానికి మరి ఇద్దరి ఉదాహరణలు ముఖ్యమైనవి. మొదటిది సి.పి. బ్రౌనుది. 1817లో చెన్నపట్నంలో దిగిన నాటికి ఆయనకు తెలుగు రాదు. కుంపిణీ ఉద్యోగులు దేశభాషలలో పరీక్షలు ఇవ్వవలసి ఉండేది గనుక పండితులవద్ద నేర్చుకొన్నాడు. 1820లో కడపకు వెళ్లినప్పుడు కచేరీకి వచ్చే రైతుల తెలుగూ, పండితుల తెలుగూ వేరువేరని ఆయన చెవులకు తెలిసివచ్చింది. 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో ప్రకటించాడు. 1852లో వెలువడిన ఆయన తెలుగు నిఘంటువులో కావ్యశబ్దాల పక్కన పండితులు చిన్నచూపు చూసే వాడుకమాటలకు కూడా చోటు దొరకినది. కచేరీలలో వాడే హిందూస్తానీ, పారసీ, ఇంగ్లీషు మాటలకోసం వేరే ఒక మిశ్రభాషా నిఘంటువునే కూర్చాడు. తెలుగు తల్లిభాషగా కలవాడు ఈ మాటలను భాషలో భాగమని ఎంచలేదు. ఎందుకు? అతనికి అవి మాటలు కావు, ఊపిరి. ఊపిరిని ఎవరూ పట్టికలో ఎక్కించరు. బ్రౌనుకు మాత్రం ప్రతి మాటా ఒకే దూరంలో ఉన్నది. నన్నయ మాటా, రైతు మాటా రెండూ అతడు నేర్వవలసినవే.

రెండవ ఉదాహరణ గిడుగువారిది. ఇది మరింత ఆసక్తికరమైనది. ఎందుకంటే ఇక్కడ నేర్చినవాడు పరాయివాడు కాదు, మనవాడే. నేర్చినది తెలుగు కాదు, సవర భాష. శ్రీముఖలింగం సమీపాన 1863లో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడయిన పిమ్మట ఆయన దృష్టి చుట్టుపక్కల కొండలలోని సవరల భాషపై పడ్డది. ఆ భాషకు వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు, అసలు వ్రాతే లేదు. పండితుని ఆశ్రయించే వీలే లేదు. సవర తెలిసినవాణ్ణి ఇంట పెట్టుకొని, విని, పలికి, తప్పులు దిద్దించుకొని నేర్చారు. ఆ భాషలో కంఠనాళాన్ని క్షణంసేపు బిగించి విడిచే ధ్వని ఒకటి ఉన్నది. తెలుగు అక్షరమాలలో దానికి గుర్తు లేదు. అట్టి ధ్వనులను పట్టుకొనటానికి ఆయన పాశ్చాత్య ధ్వనిశాస్త్రాన్ని స్వయంగా అభ్యసించారు. 1931లో సవర భాషావ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడినవి.

గిడుగువారి జీవితంలో సవర భాషాకృషినీ వ్యావహారికోద్యమాన్నీ రెండు వేరు అధ్యాయాలుగా చెప్పటం మనకు అలవాటు. ఒకటి గిరిజనసేవ, మరొకటి భాషాసేవ అని విభజించి, మొదటిదానికి ఒక నమస్కారం పెట్టి రెండవదానికి పోతాము. నాకు ఈ విభజన సరి అనిపించదు. వ్రాతలేని భాషను చెవితో నేర్చినవాడికి భాష అంటే మొదట నోట ఉండేదనీ, వ్రాత దాని నీడ అనీ తెలియకుండా ఉండదు. సవరలో తప్పొప్పులను నిర్ణయించే గ్రంథం లేదు; సవరవాడు ఏమంటాడో అదే ఒప్పు. ఈ పాఠాన్ని ఏళ్ల తరబడి అభ్యసించి వచ్చిన మనిషి తెలుగువైపు తిరిగి చూసినప్పుడు, తెలుగువాడు ఏమంటాడో అది ఎందుకు తప్పవుతుందని అడగటం సహజమే గదా! యేట్సుకు తెలుగు పరభాష కావటంవల్ల కలిగిన చూపు, గిడుగువారికి సవర పరభాష కావటంవల్ల కలిగి ఉన్నది. అందుకే ఆ ప్రశ్న సరియైన చిరునామాకు చేరింది.

పరభాష నేర్వటంవల్ల స్వభాష కొత్తగా కనబడుతుందన్న విషయాన్ని రష్యా దేశపు మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు వీగొట్‌స్కీ 1934లో వెలువడిన తన గ్రంథంలో చక్కగా విశదీకరించాడు. శిశువు తల్లిభాషను తెలియకుండానే నేర్చుకుంటాడు. వ్యాకరణమంతా వాడి నాలుకపై ఉంటుంది, ఎరుకలో ఉండదు. పరభాష ఇందుకు విలోమంగా, ఎరుకతో మొదలై క్రమంగా అలవాటులోకి దిగుతుంది. ఈ రెండు మార్గాలూ ఎదురెదురుగా నడిచి కలుసుకున్నప్పుడు, తన భాష అనేక భాషలలో ఒకటి అనే జ్ఞానం కలుగుతుంది. స్థూలంగా ఆయన భావం ఇది.

ఒక చిన్న దృష్టాంతం చెబుతాను. మనము, మేము అనే రెండు మాటలున్నవని తెలుగువాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. మూడేళ్ల పిల్లవాడు కూడా వీటిని తారుమారు చేయడు. కాని ఇంగ్లీషునుంచి ఒక కథను తెలుగు చేయ కూర్చున్నవాడు మొదటి పుటలోనే ఆగిపోతాడు. అక్కడ ఉన్నది ఒక్కటే మాట. చెప్పేవాడు వినేవాణ్ణి తనతో కలుపుకొంటున్నాడా, వెలుపల ఉంచుతున్నాడా? మూలరచయిత తేల్చవలసిన అవసరం లేక విడిచిన విషయాన్ని అనువాదకుడు తేల్చక తప్పదు. హిందీనుంచి అనువదించినా ఇదే చిక్కు. మరాఠీలో మాత్రం ఈ భేదం ఉన్నది; అది ద్రావిడ భాషల పొరుగువల్ల వచ్చినదని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. తెలుగు ప్రతి వాక్యంలోనూ ఎదుటివాణ్ణి తన పక్షాన కూర్చోబెట్టుకొనటమో, ఎదుట నిలబెట్టటమో చేస్తున్నదని నాకు అనువాదం మొదలుపెట్టిన తర్వాతనే తెలిసింది. అంతకుముందు ఇరవై ఏళ్లు నేను ఆ భాషలో ఆలోచిస్తూనే ఉన్నాను.

అయితే పరభాష మనిషికి ఎట్లా పట్టుబడుతుంది? చిన్ననాడు నేర్వకపోతే ఇక రాదన్న నమ్మకం లోకంలో గట్టిగా ఉన్నది. 1967లో లెనెబెర్గ్ అనే పండితుడు యౌవనారంభంతో భాషాగ్రహణకాలం ముగుస్తుందని ప్రతిపాదించాడు. 2018లో ప్రకటితమైన ఒక పరిశోధనలో సుమారు 6,70,000 మంది ఇంగ్లీషు వ్యాకరణజ్ఞానాన్ని పరీక్షించి చూడగా, వ్యాకరణాన్ని గ్రహించే శక్తి దాదాపు పదిహేడవ ఏటివరకు తగ్గకుండా నిలిచి, ఆపైన క్షీణిస్తున్నట్లు తేలింది. పుట్టుభాషీయులతో సమానులు కావాలంటే మాత్రం పదేళ్ల లోపల ఆరంభించటం మేలని ఆ పరిశోధకులే చెప్పారు.

ఐతే క్షీణించటం వేరు, నశించటం వేరు. పోలండు దేశీయుడైన జోసెఫ్ కాన్రాడ్ ఇరవయ్యో ఏటి తర్వాతనే ఇంగ్లీషును వంటబట్టించుకొని, ఆ భాషానవలాకారులలో అగ్రగణ్యుడయినాడు. ఉచ్చారణలో మాత్రం పరాయియాస కడదాకా పోలేదు. బ్రౌను, గిడుగువారు కూడా వయస్సు వచ్చిన తర్వాత నేర్చినవారే. బాలునికి లేనిదీ, ప్రౌఢునికి ఉన్నదీ ఒకటున్నది. బాలుడు వచ్చిన భాషను ప్రశ్నింపడు. ప్రౌఢుడు ప్రశ్నింపకుండా ఒక్క అడుగు వేయడు. చక్కగా మాట్లాడటానికి బాల్యం మేలు. భాషను గూర్చి ఆలోచించటానికి ఆలస్యంగా నేర్వటం దోషం కాకపోగా, ఒక్కొక్కప్పుడు గుణమే అవుతుంది.

ఇక రెండు భాషలు మనస్సుకు చేసే మేలు కీడుల మాట. ఒకప్పుడు శాస్త్రజ్ఞులు దీనిని కీడుగానే తలచారు. 1923లో వేల్స్ దేశంలో సేయర్ అనే ఆయన పల్లెటూరి ద్విభాషీ బాలురు బుద్ధిపరీక్షలలో వెనుకబడినారని ప్రకటించాడు. అట్టి పరీక్షలలో పిల్లల పేదరికాన్నీ, పరీక్ష ఏ భాషలో జరిగిందన్న విషయాన్నీ తగినంతగా గమనింపలేదని పిదప విమర్శ వచ్చింది. 1962లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో పీల్, లాంబర్ట్ అనేవారు ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ సమానంగా వచ్చిన పదేళ్ల పిల్లలను పరీక్షించగా ఫలితం తలకిందులయింది. ద్విభాషులే మెరుగని తేలింది. వారు ఏరుకొన్న పిల్లలే చురుకైనవారు కావచ్చునన్న ఆక్షేపణ దీనికీ తప్పలేదు. మన దేశంలో అజిత్ మొహంతీ ఒడిశా కోందులను పరిశీలించి, కుయి, ఒడియా రెండూ మాట్లాడే పిల్లలు, కుయిని పోగొట్టుకొని ఒడియా ఒక్కటే మిగిలిన కోందు పిల్లలకన్న మెరుగుగా ఉన్నారని చూపారు. వేల్స్‌నుంచి వచ్చిన అపవాదుకు ఇది మన కొండలు ఇచ్చిన సమాధానం.

ఈ చర్చలో మన హైదరాబాదుకు ఒక విశిష్టస్థానం ఉన్నది. నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడి, ఎడింబరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్ మొదలైనవారు, మతిమరపు వ్యాధికి లోనయిన 648 మందిని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. ఒకే భాష వచ్చినవారికన్న రెండు, అంతకు మించి భాషలు వచ్చినవారిలో వ్యాధి సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా పొడసూపింది. చదువురానివారిలోనూ ఈ తేడా కనబడింది. ఇది చిన్న విషయం కాదు. కెనడా పరిశోధనలలో ద్విభాషులు అనేకులు వలస వచ్చినవారు గనుక, ఆ ఫలితం భాషవల్లనా, వలసవల్లనా అన్న సందేహం ఉండేది. హైదరాబాదులో కూరలమ్మే ఆమె తెలుగూ దక్కనీ మాట్లాడటానికి ఎక్కడికీ వలస పోలేదు, బడికీ పోలేదు. ఆ పరిశోధనలో ఇంకొక ముచ్చట ఉన్నది. రెండు భాషలకు మించి మూడు, నాలుగు వచ్చినందువల్ల అదనపు లాభం కనబడలేదు. బహుభాషాకోవిదులమని భుజాలు తట్టుకొనేవారు ఈ మాటను గుర్తుంచుకొనటం మంచిది.

కాని ఈ విషయంలో చివరి మాట ఇంకా పడలేదు. ద్విభాషులు నిరంతరం ఒక భాషను అణచి మరొక భాషను పలుకుతూ ఉండటంవల్ల వారి మనోనిగ్రహం బలపడుతుందని కెనడాలో ఎలెన్ బియాలిస్టాక్ మొదలైనవారు 2004 నుంచి చూపుతూ వచ్చారు. 2013లో పాప్, గ్రీన్‌బర్గ్ అనే పరిశోధకులు తమకు అట్టి లాభమేదీ కనపడలేదన్నారు. అనుకూల ఫలితాలే అచ్చుకెక్కి ప్రతికూల ఫలితాలు బల్లసొరుగులలో ఉండిపోతున్నాయని 2015లో మరికొందరు ఆరోపించారు. ఇంతేకాదు, ద్విభాషికి మాట తట్టటం ఒక్క క్షణం ఆలస్యమవుతుందనీ, నాలుక చివర ఉండి నోటికి రాని మాటలు అతనికి కొంచెం ఎక్కువనీ కూడా పరిశోధనలున్నవి. కాబట్టి రెండు భాషలు వస్తే తెలివి పెరుగుతుందని డప్పు వేయటం తొందరపాటే.

అసలు మెదడుకు లాభమని భాష నేర్వటం, కాళ్లకు వ్యాయామమని తిరుమల కొండ మెట్లెక్కటం వంటిది. వ్యాయామం జరగకపోదు. కాని కొండ ఎక్కిన ప్రయోజనం అది కాదు. రచయితకు కావలసినది నాలుగేళ్ల ఆయుష్షు కాదు, తన భాషను గూర్చిన ఎరుక.

ఆ ఎరుక ఊరక రాదు. అపాయంతో కలిసి వస్తుంది. ద్విభాషి ఒక భాష మాట్లాడేటప్పుడు అతని రెండవ భాష నిద్రపోదని పరిశోధకులు చెబుతున్నారు. ఈ మాట అనువాదకులకు పరిశోధన లేకుండానే తెలుసు. నా తొలినాళ్ల తప్పు ఒకటి చెప్పుకొంటాను. ఒక కన్నడ కథను తెనిగిస్తూ, కథానాయకుడు "అవసర"ంలో ఇల్లు విడిచినట్లున్న చోట, ఏదో అవసరం మీద బయలుదేరాడని వ్రాశాను. కన్నడంలో ఆ మాటకు తొందర అని అర్థం. మూలంలో మనిషి ఇంటినుంచి పారిపోతున్నాడు. నా తెలుగులో పనిమీద ఊరికి వెళ్తున్నాడు. కథ తలకిందులయింది. అది అచ్చయింది, పాఠకులు మెచ్చుకొన్నారు కూడా. కొన్నేళ్లకు కన్నడ మిత్రుడొకరు నవ్వుతూ చూపేవరకు నాకు తెలియలేదు. కన్నడం రాకపోయి ఉంటే నిఘంటువు తీసి ఉందును. వచ్చును అనుకొన్నందువల్ల తీయలేదు.

భారతీయ భాషలమధ్య ఈ ఉచ్చులు అడుగడుగునా ఉన్నవి. అవసరమన్న సంస్కృతశబ్దమే హిందీలో అవకాశమవుతుంది. మన ఉపన్యాసం హిందీ, వంగభాషలలో నవల. మన శిక్ష హిందీలో చదువు. మన ప్రపంచం హిందీలో కుట్రకు పేరయింది. మన సంసారం తమిళంలో భార్య, మలయాళంలో సంభాషణ. మన ఆగ్రహం హిందీవారికి పట్టుదల. ఇంగ్లీషునుంచి అనువదించేవాడికి తెలియని మాట తెలియనట్లే కనబడుతుంది. పొరుగుభాషనుంచి అనువదించేవాడికి తెలియని మాట తెలిసినట్లు కనబడుతుంది. దూరపు పగవానికన్న దగ్గరి చుట్టంతో జాగ్రత్త ఎక్కువ కావలెనని పెద్దలు ఊరక అనలేదు.

ఇంత అపాయం ఉన్నా, మన దేశంలో రచయితలు పరభాషలోనికి పోవటం మానలేదు. మాస్తి వేంకటేశ అయ్యంగారి ఇంటిభాష తమిళం; బేంద్రే ఇంటిభాష మరాఠీ; ఇద్దరూ కన్నడసాహిత్యానికి మూలస్తంభాలు. మన పుట్టపర్తి నారాయణాచార్యులు విశ్వనాథవారి "ఏకవీర"ను మలయాళంలోనికి అనువదించారు. పి.వి. నరసింహారావు "వేయిపడగలు" నవలను హిందీ చేశారు. దాశరథి గాలిబును తెలుగు చేయగా, సామల సదాశివ ఉర్దూ సాహిత్యాన్ని తెలుగువారి ముంగిట పెట్టారు. వీరందరిలోనూ నాకు విశేషంగా తోచే వ్యక్తి తమిళ రచయిత కి. రాజనారాయణన్. ఆయన తల్లిభాష తెలుగు. కరిసల్ నల్లరేగడి నేలకు శతాబ్దాల క్రితం వలసపోయిన తెలుగు కుటుంబాల కథను ఆయన "గోపల్ల గ్రామం"గా 1976లో తమిళంలో వ్రాశారు. దాని అనుబంధనవలకు 1991లో సాహిత్య అకాదెమీ పురస్కారం లభించింది. పండితుల తమిళం కాక పల్లెవారి నోటి తమిళాన్ని పట్టి, ఆ ప్రాంతపు మాటలకు నిఘంటువు కూర్చినవాడు కూడా ఈయనే. బ్రౌను తెలుగునకు చేసిన పనిని, ఇంట తెలుగు మాట్లాడే ఒకడు తమిళానికి చేశాడు. భాషకు గడపమీద నిలుచున్నవాడికే ఇంటి లోపలా, వీధీ రెండూ కనబడతవి కాబోలు.

గడపమీద నిలవాలంటే ముందు ఇల్లు ఉండాలి. ఈ చర్చలో నన్ను కలతపెట్టే విషయం ఇదే. రెండవ భాష మొదటిదానికి చేరికగా రావచ్చును, లేక మొదటిదాన్ని తొలగించి దాని స్థానంలో కూర్చుండవచ్చును. ఈ రెండింటినీ లాంబర్ట్ 1970లలోనే వేరుచేసి చూపాడు. మేలు అంతా మొదటి విధంలోనే ఉన్నది. మొహంతీగారి కోందు పిల్లలలో రెండు భాషలు నిలుపుకొన్నవారు లాభపడ్డారు గాని, ఒకదాన్ని ఇచ్చి మరొకదాన్ని కొనుక్కొన్నవారు కాదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడులను ఆంగ్లమాధ్యమానికి మార్చ నిశ్చయించి ఉత్తర్వులిచ్చినప్పుడు, 2020 ఏప్రిలులో ఉన్నతన్యాయస్థానం వాటిని కొట్టివేసినప్పుడు జరిగిన వాదోపవాదాలలో ఇరుపక్షాలూ ఇంగ్లీషు కావాలా, తెలుగు కావాలా అన్నట్లే మాట్లాడినవి. పేదవాని బిడ్డకు ఇంగ్లీషు రావాలన్న కోరిక న్యాయమైనది. దానిని ఎగతాళి చేసే అర్హత, తమ పిల్లలను ఆంగ్లమాధ్యమంలోనే చదివించుకొన్న మన రచయితలలో చాలామందికి లేదు. కాని తెలుగులో ఒక పుట తడుముకోకుండా చదవలేని పిల్లవాడికి ఇంగ్లీషు వచ్చినంత మాత్రాన వాడు ద్విభాషి కాడు. వాడికి ఒక భాషే ఉన్నది, అదీ అరువుది. తిరిగి చూడటానికి వాడి వెనుక ఏ ఇల్లూ లేదు.

గిడుగువారికి ఈ సంగతి తెలుసు. సవర పిల్లలకు తెలుగు నేర్పటానికి ముందు సవరలో చదువు చెప్పాలన్నది ఆయన పట్టుదల. వ్యావహారికోద్యమాన్ని తలచుకొని ఆయనకు ఏటేటా దండలు వేసే మనం, ఈ సగాన్ని మరచిపోతున్నాము. మన తెలుగుకు ఇంగ్లీషుతో ఉన్న ఫిర్యాదే సవరకూ కోయకూ గోండికీ తెలుగుతో ఉన్నది. ఆ భాషలను నేర్చిన తెలుగు రచయితలు ఎందరు? వేళ్లమీద లెక్కింపవచ్చును.

విమర్శకునిగా నా అభిప్రాయం క్లుప్తంగా ఇది. మన సాహిత్యంలో నూటయాభై ఏళ్లుగా ద్విభాషిత్వం అంటే ఇంగ్లీషు అనే అర్థం స్థిరపడిపోయింది. వంగనవలయినా, మలయాళకథయినా నేడు మనకు తరచు ఇంగ్లీషు ద్వారానో, హిందీ ద్వారానో వస్తున్నది. రెండుసార్లు వడగట్టిన కాఫీవలె రంగు ఉంటుంది, రుచి ఉండదు. ప్రతి తెలుగు రచయితా ఒక పొరుగుభాషను, ఆ ప్రాంతపు మనిషినుంచి చెవితో నేర్చుకొని, ఆ భాషనుంచి ఒక్క పుస్తకమైనా నేరుగా తెచ్చినచో, మనకు చేరే పుస్తకాల లాభం ఒక ఎత్తు, తిరిగివచ్చి తన తెలుగును చూసుకొన్నప్పుడు ఆ రచయితకు కలిగే లాభం ఒక ఎత్తు. బెంగుళూరు, చెన్నపట్నం, బరంపురం, ముంబయి నగరాలలో ఉన్న తెలుగు రచయితలకు ఈ బడి ఇంటి ముందే ఉన్నది; జీతం కట్టనక్కరలేదు.

యేట్సు అడిగిన ప్రశ్నకు సమాధానం మనకు దొరికి నూరేళ్లు దాటింది. పుస్తకాలలోనికి వాడుకభాష వచ్చింది. ఐతే ఆ వాడుకభాష కూడా నేడు పత్రికలలోనూ నవలలలోనూ ఒక అచ్చులో గట్టిపడి, బస్సులోనూ పొలంలోనూ వినబడే తెలుగునకు మెల్లగా దూరమవుతున్నది. లోపలివాళ్లం గనుక మనకది తెలియటం లేదు. ఈ తేడా ఏమిటని అడగటానికి మరొక దొర రాడు. మనలోనే ఎవడో ఒకడు కొంతకాలం మరొక భాషలో విద్యార్థిగా కూర్చుండి, తిరిగివచ్చి అడగవలసి ఉన్నది.